బోర్డు మీద లేని స్టేటస్

ముందుగా నా సంగతి

ఇది ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం రాస్తున్నాను. ఇందులో రజిత అనే అమ్మాయి గురించి చాలా ఉంటుంది. ఆమె మీద నాకు కుళ్ళు. ఉద్యోగం వదిలి రెండేళ్ళు కావస్తున్నా తగ్గలేదు. ఆమె ఏదో కాలేజీ సభలో మైకు పట్టుకుని మాట్లాడుతున్న ఫొటో ఫోన్లో కనిపిస్తే చేతిలో చాయ్ చల్లారేదాకా చూస్తాను, లైకు మాత్రం కొట్టను. "ఒక లైకు కొడితె నీ సొమ్మేం పోతది?" అంటుంది మా ఇంటావిడ. ఏం పోతుందో ఆమెకు తెలియదు. అందుకని నేను రజితను మెచ్చుకున్న చోట పూర్తిగా నమ్మండి. తప్పుపట్టిన చోట సగం తీసేసి చదువుకోండి.

నా పేరు సత్యనారాయణ. కరీంనగర్‌లో అందరూ సత్తన్న అంటారు. ముప్పై ఏళ్ళకు పైగా సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చేశాను. మొదట హైదరాబాద్, ఆఖరి తొమ్మిదేళ్ళు కరీంనగర్. ప్రోగ్రాములు రాసింది తక్కువ. ఆఫీసులో ఎవరి పని ఎక్కడిదాకా వచ్చిందో చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది, దాన్ని సర్దిపెట్టడం నా పని. ఒక్కో పనికి తెర మీద ఒక కార్డు ఉంటుంది. ఆ పని ఏ దశలో ఉందో చెప్పే మాటను స్టేటస్ అంటాం. తెర మీద నిలువు గళ్ళు గీసి, ఏ స్టేటస్‌లో ఉన్న కార్డు ఏ గడిలో కనబడాలో మనమే చెప్పాలి. ఆ గళ్ళన్నీ కలిపితే బోర్డు.

చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది. కానీ ఇరవై మంది మనుషులు పొద్దున వచ్చి ఏం చేయాలో, ఎవరి కోసం ఆగాలో, ఎవరి మీద అరవాలో ఆ గళ్ళే చెబుతాయి. గళ్ళు గీసేవాడి బల్ల దగ్గరికి అందరూ రావాల్సిందే. "సత్తన్నా, నా కార్డు జరుగుతలేదు", "సత్తన్నా, జర గా పర్మిషన్ ఇయ్యి" అని రోజుకు పదిమంది వచ్చేవాళ్ళు. ఆ పిలుపు నాకు జీతం కన్నా ఎక్కువ రుచిగా ఉండేది. ఇది దాచుకుంటే తర్వాత చెప్పేదేదీ మీకు అర్థం కాదు.

పదిహేడు

హైదరాబాద్‌లో నాకు పని నేర్పిన మేనేజరు తమిళాయన. పని అనేది ఎంత చిన్న ముక్కయినా బోర్డు మీద కనబడి తీరాలనేవాడు. ఆయన దగ్గర ఆరు నెలలు తిట్లు తిన్నాను, ఆ తర్వాత ఆయన భక్తుణ్ని అయిపోయాను. ఆ భక్తితోనే కరీంనగర్‌లో మా కంపెనీకి పదిహేడు స్టేటస్‌లు పెట్టాను. అందింది, చదివాం, అర్థమైంది, అంచనా వేయాలి, అంచనా అయింది, ఒప్పుకోవాలి, ఒప్పుకున్నారు... ఇలా సాగేది. బోర్డు పూర్తిగా చూడాలంటే తెరను రెండుసార్లు పక్కకు జరపాలి. దాన్ని పెద్ద కాగితం మీద అచ్చువేయించి గోడకు అంటించాను. ఎవరైనా బయటివాళ్ళు వస్తే మాధవరావు సారు వాళ్ళను ఆ గోడ దగ్గరికి తీసుకొచ్చి, "ఇది మా సత్తన్న చేసిండు" అని చూపించేవాడు.

మాధవరావు సారు మా కంపెనీ యజమాని. ధర్మపురి దగ్గర భూములున్న కుటుంబం. వ్యవసాయం అన్నకు వదిలేసి ఈయన వ్యాపారంలోకి వచ్చాడు. మనిషి మంచివాడే. సాఫ్ట్‌వేర్ గురించి ఆయనకు తెలిసింది తక్కువ, కానీ ఎవరికి తెలుసో కనిపెట్టడం బాగా తెలుసు. ఆ గుణం నా పట్ల ఉన్నన్నాళ్ళు నాకు గొప్పగా కనబడింది.

ఇలియాస్ అని ఒక ప్రోగ్రామర్ ఉండేవాడు. ఒకరోజు అతని కార్డులన్నీ శనివారం సాయంత్రం నాలుగింటికే కదులుతున్నాయని గమనించాను. వారమంతా ఒక్కటీ కదలదు, శనివారం నాలుగింటికి పన్నెండు కార్డులు పదిహేడు మెట్లూ ఎక్కి ఆఖరి గడిలోకి చేరిపోతాయి. పిలిచి అడిగాను.

"సత్తన్నా, బురా మత్ మానో, ఏమనుకోకు," అన్నాడు నవ్వుతూ. "పని గంట సేపు, కార్డు జరుపుడు రెండు గంటలు. అందుకే అందరం శనివారం ఒక్కసారే జరుపుతున్నం."

"అందరంటే?"

"అందరంటే అందరు. నీకు ఒక్కనికే తెల్వది."

అప్పటికప్పుడు నేను చేయాల్సింది గోడ మీది కాగితం చింపడం. నేను చేసింది ఇలియాస్‌కు మెమో ఇప్పించడం. బోర్డు అబద్ధం చెబుతోందంటే తప్పు కార్డు జరిపేవాళ్ళలో ఉండదు, గళ్ళు గీసినవాడిలో ఉంటుంది. ఈ ముక్క తెలుసుకోవడానికి నాకు ఇంకా మూడేళ్ళు పట్టింది. అదీ నేను తెలుసుకోలేదు, రజిత చెప్పింది.

దీపాల గది

రజిత మందమర్రి పిల్ల. మా దగ్గర టెస్టర్‌గా చేరింది. మొదటి వారం నా పక్కనే కూర్చోబెట్టుకుని బోర్డు పని నేర్పాను. ఆరు నెలలకు, నాకు వచ్చి ఆమెకు రానిది ఏదీ మిగల్లేదు. ఏడాదికి, నా బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళు దారిలో ఆమె బల్ల దగ్గరే ఆగిపోవడం మొదలైంది. వాళ్ళకు అక్కడే జవాబు దొరికేది. నేను కుర్చీలో వెనక్కి వాలి, ఎవరు ఆగుతున్నారు, ఎంతసేపు ఆగుతున్నారు, నవ్వుతూ పోతున్నారా అని లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాణ్ని. ఆమె నాకు ఏ లోటూ చేయలేదు. "సార్, మీరు ఒక్కపారి చూడుండ్రి" అని ప్రతిదీ తెచ్చి చూపించేది. తప్పు దొరికితే ఆ రోజు నాకు అన్నం బాగా సహించేది. దొరికేది కాదు.

అప్పుడు ఒక పెద్ద పని వచ్చింది. ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల లాంటి ఊళ్ళలో డయాలసిస్ సెంటర్లు నడిపే ఒక ప్రైవేటు సంస్థ. కిడ్నీలు చెడిపోయినవాళ్ళకు వారానికి రెండు మూడుసార్లు రక్తం శుభ్రం చేయాలి. ఎవరు ఏ రోజు, ఏ టైముకు, ఏ కుర్చీలో కూర్చోవాలో చెప్పే సాఫ్ట్‌వేర్ మేం చేయాలి, చేశాక చూసుకోవాలి. మాధవరావు సారు అందరినీ పిలిచి చెప్పాడు.

"గీ ప్రాజెక్టు బోర్డు రజిత పెడ్తది. సత్తన్నా, నువ్వు జర పైకెల్లి చూస్కుంట ఉండు."

పైనుంచి చూసుకోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. గోడ మీది కాగితం కూడా అలాగే పైనుంచి చూస్తూ ఉంటుంది.

రజిత ఐదు గళ్ళు పెట్టింది. చేయాలి, చేస్తున్నాం, చూడాలి, ఆగింది, అయింది. అంతే. ఒక్కో గడి మీద ఒక మనిషి పేరు రాసింది. నేను అందరి ముందూ నవ్వాను.

"పదిహేడు పెడితేనే పనులు జారిపోతున్నాయి. ఐదుతో ఎట్లా పట్టుకుంటవ్ అమ్మా?"

ఆమె నొచ్చుకోలేదు. "మా బాపు బొగ్గుబాయి మీద దీపాల గదిల పనిచేసిండు సార్," అంది. "బాయిల దిగేటోడు దీపం తీస్కొని తన నంబరు బిళ్ళ ఇచ్చి పోతడు. గా బిళ్ళను బోర్డు మీద మేకుకు తగిలిస్తరు. షిఫ్టు అయినంక దీపం వాపస్ ఇచ్చి బిళ్ళ తీస్కపోతడు. టైం దాటినా మేకుకు బిళ్ళ ఉన్నదంటె మనిషి లోపట్నే ఉన్నడన్నట్టు. గట్లాంటప్పుడు మా బాపు ఇంటికి రాకపోతుండె. మనిషి దొరికేదాక ఆడనే ఉంటుండె."

"అయితే?"

"నాది ఒకటే సవాల్ సార్. ఈ గడిల కార్డు ఆగిపోతే ఎవలు పోయి వెతకాలె? పేరు చెప్పొస్తే గడి ఉండాలె. పేరు లేదంటె గా గడి ఒద్దు. మన పదిహేడుల ఎన్నిటికి పేర్లున్నయి?"

ఇలియాస్ "క్యా బాత్ హై" అన్నాడు. మాధవరావు సారు నావైపు చూడను కూడా చూడలేదు.

నిజం చెప్పాలంటే ముప్పై ఏళ్ళలో ఈ పని గురించి అంతకన్నా మంచి మాట నేను వినలేదు. మీరు ఏ కంపెనీలో చేరినా, ఏ సాఫ్ట్‌వేర్ వాడినా, స్టేటస్ పెట్టేముందు ఆ ప్రశ్న అడగండి. కానీ ఆ రోజు నాకు మాట మంచిదా కాదా అన్న ఆలోచనే రాలేదు. నాకు అలాంటి బాపు లేడే అనిపించింది. మా బాపు కరెంటు ఆఫీసులో గుమస్తా. ఆయన నుంచి నాకు వచ్చింది చక్కటి చేతిరాత ఒక్కటే, కంప్యూటర్లు వచ్చాక దాన్ని అడిగినవాడు లేడు. నెల తిరగకుండానే మిగతా ప్రాజెక్టులవాళ్ళు కూడా ఐదు గళ్ళు కావాలన్నారు. గోడ మీది కాగితం ఎవరో తీసేశారు. ఎవరు తీశారని నేను అడగలేదు.

నేను చేసిన పని

ఇక్కడ మీకు పనికొచ్చే విషయం ఒకటి చెప్పాలి. స్టేటస్ వేరు, గడి వేరు. సాఫ్ట్‌వేర్‌లో ఒక స్టేటస్‌ను పుట్టించి, దాన్ని బోర్డు మీద ఏ గడికీ తగిలించకపోతే, ఆ స్టేటస్‌లోకి వెళ్ళిన కార్డు బోర్డు మీద కనబడదు. కార్డు పోలేదు, లోపల ఉంటుంది. పనిగట్టుకుని వెతికితే దొరుకుతుంది. బోర్డు చూసేవాడికి మాత్రం అది లేనట్టే. కొత్తవాళ్ళు తెలియక చేసే తప్పుల్లో ఇది మొదటిది. నేను తెలిసి చేశాను.

బోర్డు రజితది అయినా సాఫ్ట్‌వేర్ మొత్తానికి తాళాలు నా దగ్గరే ఉండేవి. 'వివరాలు కావాలి' అని ఒక స్టేటస్ పుట్టించాను. సెంటర్ల నుంచి వచ్చే ఫిర్యాదులో వివరం రెండు వరుసల కన్నా తక్కువ ఉంటే, కార్డు దానంతటదే ఆ స్టేటస్‌లోకి పోయేట్టు ఒక రూల్ రాశాను. ఏ గడికీ తగిలించలేదు. తగిలిస్తే రజితకు కనబడుతుంది కదా.

నా ఎత్తు ఇది. సెంటర్లలో పనిచేసేవాళ్ళు ఎప్పుడూ సగం సగం రాస్తారు. నెలలో ఓ పది పన్నెండు కార్డులు అందులో చేరతాయి. అప్పుడు మాధవరావు సారు ముందు పెట్టి, "చూడండి సార్, ఐదు గళ్ళ బోర్డులో ఇన్ని పనులు జారిపోయాయి" అనాలి. అంతవరకు రోజూ పొద్దున నేనే లోపలికి వెళ్ళి చూసుకుంటాను, ముఖ్యమైనది వస్తే ఏదో వంకతో బయటికి తోసేస్తాను. ఎవరికీ నష్టం ఉండదు. రూల్ రాసిన రోజు మనసు చాలా తేలిగ్గా ఉండింది. ఇంటికి పోతూ మా ఇంటావిడకు జిలేబీ కూడా కొన్నాను.

పది రోజులు బాగానే చూసుకున్నాను. తర్వాత నా కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. ముందే తీసుకున్న తేదీ అది, నేను మరచిపోలేదు. నాలుగు రోజుల్లో ఫోన్ చూడొచ్చులే అనుకున్నాను. కన్ను ఎర్రబడింది. డాక్టరు రెండు వారాలు తెర చూడొద్దన్నాడు. నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద పడుకుని, చుక్కల మందు వేయించుకుంటూ రేడియో విన్నాను. ఆ రూల్ గుర్తుకు రాలేదని చెప్పను. రెండు మూడుసార్లు వచ్చింది. ఇలియాస్‌కు ఫోన్ చేసి చూడమంటే సరిపోయేది. చెబితే నేను చేసింది బయటపడుతుంది. ఏమీ వచ్చి ఉండదులే అని పక్కకు తిరిగి పడుకున్నాను.

రజిత ప్రశ్నను నా స్టేటస్‌కు వేసి చూడండి. ఇక్కడ కార్డు ఆగిపోతే ఎవరు పోయి వెతకాలి? నేను. నేను కళ్ళు మూసుకుని ఉన్నాను.

పేరు కావాలి

నేను మళ్ళీ ఆఫీసుకు పోయింది ఒక సోమవారం. లోపలికి అడుగు పెట్టేసరికి అందరూ మీటింగు గదిలో ఉన్నారు. ఫోన్ స్పీకర్‌లో డయాలసిస్ సంస్థ పెద్దాయన అరుస్తున్నాడు.

జరిగింది ఇది. ఆదిలాబాద్ సెంటర్‌లో విఠల్ అనే టెక్నీషియన్ రెండు వారాల కింద ఒక ఫిర్యాదు పంపాడు. 'సెంటర్ మారిన పేషెంట్‌కు కొత్త టైం పడ్తలేదు.' ఒక్క వరుస. అది నేరుగా నా స్టేటస్‌లోకి పోయింది. మీ ఫిర్యాదు అందింది అని అతనికి జవాబు కూడా వెళ్ళింది. అది చూసి అతను నిశ్చింతగా ఉన్నాడు. ఎవరైనా అట్లా వస్తే తనే చేత్తో రాసి కుర్చీ సర్దుతూ వచ్చాడు. అతను సెలవు పెట్టిన రోజున శాంతాబాయి అనే పెద్దావిడ వచ్చింది. కూతురి దగ్గర మంచిర్యాలలో ఉండి, ఉట్నూరు అవతల తన ఊరికి తిరిగొచ్చింది, అందుకని సెంటర్ మార్పించుకుంది. కొత్త సెంటర్‌లో తెర మీద ఆవిడ పేరు లేదు. ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్ళు పేరు లేదని తిప్పి పంపారు. రెండు బస్సులు మారి ఇంటికి పోయింది. మర్నాటికి ఒళ్ళంతా నీరు పట్టి ఊపిరి ఆడలేదు. ఆటోలో వేసుకుని సెంటర్‌కు తెచ్చారు. విఠల్ తన షిఫ్టు అయిపోయినా ఉండి ఆవిడకు డయాలసిస్ చేశాడు. బతికింది.

"ఆ కంప్లయింట్ ఎక్కడ పోయింది? ఎవరు పోగొట్టిండ్రు?" అంటున్నాడు పెద్దాయన. "నాకు పేరు కావాలి. శనివారంలోగా రాసి పంపుండ్రి. ఆ మనిషి ఇగ మా పనిల ఉండొద్దు."

మా కంపెనీలో అప్పుడు చేతిలో ఉన్న పెద్ద పని అదొక్కటే. ఆ పనిలోంచి తీసేయడమంటే ఇంటికి పంపడమే.

ఫోన్ పెట్టాక మాధవరావు సారు అందరి మొహాలూ చూశాడు. రజిత లేచి నిలబడింది.

"బోర్డు నాది సార్. బోర్డు మీద కనపడలే అంటె తప్పు నాదే. నా పేరే రాయుండ్రి."

"ఎట్ల పోయింది బిడ్డా?"

"తెల్వది సార్. చూస్త. ఎట్ల పోయినా పేరు నాదే."

నేను నల్లద్దాల వెనక కూర్చుని ఉన్నాను. నోరు తెరవలేదు. భయం ఒక కారణం. ఇంకో ఎనిమిది నెలల్లో నాకు అరవై నిండుతాయి, దొంగలా వెళ్ళిపోవడం ఇష్టం లేదు. ఇంకో కారణం రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆమె అలా లేచి నిలబడితే గది మొత్తం ఆమెను చూసిన చూపు ఉంది చూడండి, ఇలియాస్ అయితే కళ్ళు తుడుచుకున్నాడు, ఆ చూపు మీద నాకు మండింది. తప్పులో కూడా ఈమెకే పేరు వస్తోందే అనుకున్నాను. నా తప్పు అది. కనీసం నా తప్పన్నా నాది కాకుండా పోయింది.

ఆ మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు రూల్ తీసేశాను. అందులో ఉన్న కార్డులన్నిటినీ 'చేయాలి' గడిలోకి తోశాను. విఠల్ ఫిర్యాదుతో కలిపి తొమ్మిది.

ఆదిలాబాద్

శుక్రవారం మాధవరావు సారు ఆఫీసు కారు ఇచ్చి మా ఇద్దర్నీ ఆదిలాబాద్ పంపాడు. పోయి ఆ పేషెంటుకు, సెంటర్ వాళ్ళకు క్షమాపణ చెప్పి రండి, పెద్దమనిషివి నువ్వుంటే బాగుంటుంది సత్తన్నా అన్నాడు. దారిపొడుగునా రజిత కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మందమర్రి దాటుతున్నప్పుడు ఇంటి దగ్గర ఆగుదామా అని అడిగాను. వద్దంది. ఇంట్లో ఇంకా చెప్పలేదంది.

సెంటర్‌లో ఎనిమిది కుర్చీలు. ఎనిమిదింటిలోనూ మనుషులు, పక్కన మిషన్లు తిరుగుతున్నాయి. విఠల్ నలభై దాటిన సన్నటి మనిషి. మమ్మల్ని చూసి కోప్పడలేదు.

"నాది బీ తప్పున్నది దాదా," అన్నాడు నాతో. "అందింది అని వచ్చింది గదా, ఇగ ఫికర్ లేదనుకున్న. ఒక్క ఫోన్ చేసి అడగక పోతి."

కిటికీ పక్క కుర్చీలో శాంతాబాయి ఉంది. డెబ్బై ఉంటాయి. ఎడమ చేతికి రెండు గొట్టాలు, మీద ఎర్ర దుప్పటి. విఠల్ ఆమె మీదికి వంగి చెప్పాడు. "ఆయీ, వీళ్ళు కరీంనగర్ నుంచి వచ్చిండ్రు. కంప్యూటర్ల పేర్లు ఎక్కించేటోళ్ళు."

ఆవిడ మా ఇద్దరినీ తేరిపార చూసింది. "నా పేరు పోయిందంట గదా. దొరికిందా?" అంది.

ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది. చేతిసంచి పోతే అడిగినట్టు అడిగింది.

రజిత కింద కూర్చుంది, ఆవిడ కుడిచెయ్యి పట్టుకుంది. "దొరికింది అవ్వా. ఇగ పోదు. నా తప్పు వల్లనే పోయింది. మాఫ్ చెయ్యి."

"అయ్యో, ఏడ్వకు బిడ్డా. నేను మంచిగనే ఉన్న," అని ఆవిడ రజిత తల నిమిరింది. ఒకసారి కాదు, రెండు మూడు సార్లు.

ఆ చెయ్యి రజిత తల మీద ఉండగా నాలో లేచింది పశ్చాత్తాపం అని రాస్తే చదవడానికి బాగుంటుంది. లేచింది కుళ్ళే. ఆ చెయ్యి నాది. ఆ మాఫీ నాకు రావాల్సింది. తప్పు చేసింది నేను, సోమవారం నుంచి దాన్ని మోస్తూ తిరుగుతున్నది నేను, ఇప్పుడు ఈ ముసలావిడ దయంతా ఏ పాపం తెలియని ఈ పిల్లకు పోతోంది. అది కూడా ఈమెకేనా?

"ఆమె కాదు," అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినబడింది. పక్క కుర్చీలవాళ్ళు తలలు తిప్పారు. "ఆమెకు సంబంధం లేదు అవ్వా. నేను చేసిన. కావాలనే చేసిన. నీ పేరు నేను దాచిపెట్టిన."

విఠల్ నోరు తెరుచుకుని చూశాడు. శాంతాబాయికి సగం అర్థమైందో లేదో. నా తల నిమరలేదు. రజిత తల మీది చెయ్యి తీసి దుప్పటి సర్దుకుంది.

"నువ్వా," అంది. "ఎందుకు నాయనా? నేను నీకేం చేసిన?"

రజిత మీద కుళ్ళుతో నిన్ను ఊపిరాడకుండా చేశానని ఆవిడకు ఎలా చెప్పను? ఆవిడ రజితను ఎరుగదు, నన్ను ఎరుగదు. మీరు బోర్డు మీద ఏ గడి గీసినా, ఏ రూల్ రాసినా, దాని ఆ చివర మీరెన్నడూ చూడని మనిషి ఒకరు కుర్చీ కోసం నిలబడి ఉంటారు. మన ఆఫీసు తగాదాల్లో వాళ్ళకు భాగం లేదు, దెబ్బ మాత్రం తగులుతుంది. నేను చేతులు జోడించి నిలబడ్డాను. కాసేపటికి ఆవిడ కళ్ళు మూసుకుంది.

కారులో

ఇంద్రవెల్లి దాటాక రజిత ఫోన్ తీసి నాకిచ్చింది. తెర మీద విఠల్ ఫిర్యాదు కార్డు తాలూకు చరిత్ర ఫొటో తీసి ఉంది. కార్డును ఎవరు ఎప్పుడు ఎక్కడికి జరిపారో అందులో పడుతుంది. రూల్ జరిపినా, రూల్ రాసినవాడి పేరే పడుతుంది. సత్యనారాయణ, సత్యనారాయణ అని రెండుచోట్ల ఉంది. రూల్ తీసేసినా అది చెరగదు. ఆ సంగతి నాకు తెలుసు. మా ఆఫీసులో దాన్ని తెరిచి చూసే అలవాటు ఎవరికీ లేదని ధైర్యం.

"ఎప్పుడు చూసినవ్?"

"సోమవారం సాయంత్రమే సార్. మీటింగ్ అయినంక."

"మరి చెప్పలే?"

"మిమ్మల్ని చూసుకుంట ఉన్న. ఇయ్యాల చెప్తరా, రేపు చెప్తరా అని." ఆమె గొంతులో ప్రేమ లేదు, కోపం ఉంది. "నేను చూపిస్తె మిమ్మల్ని గా రోజే పంపిస్తరు సార్. మీరే చెప్తె తిట్టి ఊకుంటరు. అరవై ఏండ్లకు ఒచ్చిండ్రు. గందుకే ఆగిన."

"నేను చెప్పకపోతే?"

"రేపు పొద్దుగాల సారు టేబుల్ మీద పెడ్తుంటి. నా నౌకరి పోగొట్టుకొని మిమ్మల్ని కాపాడేటంత దేవతను గాను నేను."

ఫోన్ ఆమెకు తిరిగిచ్చి, నా ఫోన్ తీసి మాధవరావు సారుకు చేశాను. ఏదీ దాచకుండా చెప్పాను.

"ఏందయ్యా సత్తన్నా," అన్నాడు అంతా విని. "నీ దగ్గర పని నేర్చుకున్న పిల్ల గదయ్యా."

శనివారం కాగితంలో నా పేరు వెళ్ళింది. తాళాలన్నీ రజిత చేతికి పోయాయి. నన్ను డయాలసిస్ పనిలోంచి తీసేశారు గానీ ఇంటికి పంపలేదు. ఆ ఎనిమిది నెలలు కొత్తగా చేరినవాళ్ళకు పాఠాలు చెబుతూ గడిపాను. మొదటి పాఠంగా ఈ కథే చెప్పేవాణ్ని, పేర్లు తీసేసి. శాంతాబాయికి వారానికి మూడుసార్లు ఆ కిటికీ పక్క కుర్చీయే దొరుకుతోందని విఠల్ చెప్పాడు.

రజిత బోర్డు మీద నాకిప్పుడు కుళ్ళు లేదు. ఆమె తెలివి మీద, వాళ్ళ బాపు మీద, మైకు పట్టుకున్న ఫొటోల మీద ఉన్నదీ పైపైదే, లైకు కొట్టనంత మాత్రం. నన్ను తినేది ఒక్కటే. నా పేరున్న ఫొటో జేబులో పెట్టుకుని, ఇంట్లో ఎవరికీ చెప్పుకోక, తన నౌకరి మీదికి వచ్చినా ఆమె నాకోసం నాలుగు రోజులు ఆగింది. ఆమె చోట నేనుంటే, ఆమె పేరున్న అలాంటి ఫొటో నాకు దొరికి ఉంటే, నాలుగు నిమిషాలు కూడా ఆగేవాణ్ని కాదు. నా కుళ్ళంతా ఆ నాలుగు రోజుల మీద.